క్లౌడ్‌లో ఫోల్డరు మాయమైతే: ఎవరినైనా అనే ముందు చూడవలసినవి

విశాఖపట్నంలో చిన్న ఆఫీసుల కంప్యూటర్ల బాగోగులు చూసేవాడిగా నాకు తరచుగా వచ్చే ఫోను ఒకటే: "డ్రైవ్‌లో ఫోల్డరు లేదండీ, ఎవరిని అడిగినా మేము తీయలేదంటున్నారు." 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చిపోయాక, తడిసిన సీపీయూలను ఆటోలో పెట్టుకుని డేటా కోసం తిరిగినవారిలో కొందరు ఆ అనుభవంతోనే క్లౌడ్‌కు మారారు. వాన నీరు చేరని చోట ఫైళ్లు పెట్టాం కనుక ఇక భయం లేదనుకున్నారు. తుపాను సంగతి సరే గాని, ఆఫీసులో ఎవరో ఒకరు డిలీట్ నొక్కితే క్లౌడ్ దానిని ఎంతో విధేయంగా అమలు చేస్తుంది. మా దగ్గర ఎక్కువమంది వాడేది గూగుల్ డ్రైవ్ కాబట్టి దానినే ప్రధానంగా తీసుకుంటున్నాను. ట్రాష్ నుంచి రీస్టోర్ చేయడం, ఫోల్డరు షేర్ చేయడం మీకు తెలుసుననే అనుకుంటున్నాను.

లక్షణం: నిన్న ఉన్న ఫోల్డరు ఈరోజు కనబడడం లేదు

ముందుగా పై మూలన ఉన్న ఫొటో గుండ్రాన్ని చూడండి. మీరు తెరిచినది ఆఫీసు అకౌంటేనా, లేక మీ సొంత జీమెయిలా? ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంటుంది గాని, ద్వారకానగర్ దాకా బండి వేసుకుని వెళ్లి, ఆ గుండ్రం మీద ఒక్కసారి నొక్కి అకౌంటు మార్చి తిరిగివచ్చిన సందర్భాలు ఒకటి రెండు కావు.

అకౌంటు సరైనదే అయితే ట్రాష్ చూడాలి. 2020 అక్టోబరు 13 నుంచి ట్రాష్‌లో పడిన ఫైలు 30 రోజుల తరువాత దానంతట అదే చెరిగిపోతోంది. అంతకుముందు మనం ఖాళీ చేసేదాకా ఉండేది, ఆ పాత అలవాటుతోనే చాలామంది నిశ్చింతగా కూర్చుంటున్నారు. ఇంకొక సంగతి: ఫోల్డరు మొత్తం తీసేసి ఉంటే ట్రాష్‌లో ఆ ఫోల్డరే ఒక్క వరుసగా కనబడుతుంది, లోపలి ఫైళ్ల పేర్లు విడివిడిగా కనబడవు. ఫైలు పేరు కోసం వెతికి లేదని వదిలేయకుండా ఫోల్డరు పేరు కోసం చూడండి. ట్రాష్ కూడా ఖాళీ అయిపోయి, మీది ఆఫీసు వర్క్‌స్పేస్ (ఆఫీసుల కోసం గూగుల్ ఇచ్చే సేవ) అకౌంటు అయితే, ఖాళీ అయిన నాటి నుంచి 25 రోజుల లోపు ఆ అకౌంట్లను నిర్వహించే అడ్మిన్ తిరిగి తేగలడు. మామూలు జీమెయిల్‌కు ఈ వెసులుబాటు లేదు.

లక్షణం: ట్రాష్‌లోనూ లేదు

మీ ట్రాష్‌లో మీ సొంత ఫైళ్లే కనబడతాయి. ఫైలు తయారు చేసిన ఉద్యోగి దానిని తీసేస్తే అది అతని ట్రాష్‌లోకి పోతుంది, మీ అందరి కళ్ల ముందు నుంచి మాయమవుతుంది. ఉద్యోగం మానేసినవారు తమ సొంత జీమెయిల్‌తో తయారు చేసిన ఫైళ్ల విషయంలో ఇది ఎక్కువగా జరుగుతుంది కనుక, మనిషి వెళ్లేముందే ఓనర్‌షిప్ బదిలీ చేయించుకోవాలి, లేదా కాపీ తీసుకోవాలి.

ఇక ఎడిటర్‌గా ఉన్న వేరొకరు మీ ఫైలును షేర్డ్ ఫోల్డరులో నుంచి తీసేస్తే అది చెరిగిపోదు, ఇల్లు లేని ఫైలై మీ డ్రైవ్‌లో ఎక్కడో తేలుతూ ఉంటుంది. సెర్చ్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో "ఈజ్ కోలన్ అన్ఆర్గనైజ్డ్", తరువాత ఖాళీ వదిలి "ఓనర్ కోలన్ మీ" అని టైప్ చేస్తే (కోలన్ అన్నచోట రెండు చుక్కల గుర్తు పెట్టాలి) అటువంటివన్నీ బయటపడతాయి.

లక్షణం: యాక్టివిటీలో మీ పేరే ఉంది, మీరు మాత్రం తీయలేదు

నన్ను రెండుసార్లు పరిగెత్తించినది ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

దొండపర్తిలో ఒక క్లియరింగ్ ఏజెంటు గారి ఆఫీసు ఉంది. షిప్పింగ్ బిల్లులు, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీలు సంవత్సరాల వారీగా డ్రైవ్‌లో ఉంటాయి. ఒక సోమవారం ఉదయం మూడు సంవత్సరాల ఫోల్డర్లు లేవు. ఫోల్డరు వివరాలలో యాక్టివిటీ తెరిస్తే, ఆదివారం సాయంత్రం 6.42కు ఏజెంటు గారే వాటిని ట్రాష్‌కు పంపినట్లు ఆయన పేరుతోనే ఉంది. "నేను పిల్లలతో ఆర్కే బీచ్‌లో ఉన్నానండీ, ఫోను కారులోనే వదిలేశాను," అన్నారాయన. హ్యాకింగ్ అని ఆయన భయం, ఫోనులో పొరపాటున చెయ్యి తగిలిందని నా ధీమా. రీస్టోర్ చేసి వచ్చేశాను. బుధవారం రాత్రి అవే ఫోల్డర్లు మళ్లీ పోయాయి, మళ్లీ ఆయన పేరుతోనే.

అప్పుడు గాని నేను మొదటే చూడవలసిన చోటు చూడలేదు. గూగుల్ అకౌంటు సెక్యూరిటీ పేజీలో "మీ పరికరాలు" అనే జాబితా ఉంటుంది. అందులో విండోస్ కంప్యూటర్లు మూడు ఉన్నాయి, ఆఫీసులో ఉన్నవి రెండే. మూడవదాని ఊరు కూడా విశాఖపట్నమే కావడంతో, ఆ జాబితాను అంతకుముందు చూసిన ఏజెంటు గారికి అనుమానం రాలేదు. పేజీ గాజువాక, దొండపర్తి అని విడదీసి చెప్పదు కాబట్టి ఊరి పేర్లను నమ్ముకోకుండా యంత్రాలను లెక్కపెట్టాలి.

ఆ మూడవది, కొత్త కంప్యూటర్లు కొన్నప్పుడు గాజువాకలోని చెల్లెలి ఇంటికి పంపిన పాత డెస్క్‌టాప్. అందులో డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ (గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటరుతో జతచేసే ప్రోగ్రాము) ఇంకా ఏజెంటు గారి అకౌంటుతోనే, మిర్రర్ పద్ధతిలో నడుస్తోంది. మిర్రర్ అంటే క్లౌడ్‌లో ఉన్నదంతా ఆ డిస్కు మీద కూడా ఉంటుంది, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. ఫోను చేస్తే మేనల్లుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: "మావయ్యా, డీ డ్రైవ్ గీత ఎర్రగా అయిపోయింది, గేమ్ ఎక్కడం లేదు. నీ పాత ఫోల్డర్లే కదా అని తీసేశాను. మళ్లీ వాటంతట అవే వచ్చేశాయి, మళ్లీ తీసేశాను." అవి వాటంతట అవి రాలేదు, నేను రీస్టోర్ చేస్తే వచ్చాయి. నేను క్లౌడ్‌లో తిరిగి పెట్టిన ప్రతి ఫైలునూ ఆ పాత యంత్రం శ్రద్ధగా దించుకుని ఆ పిల్లవాడి డిస్కు నింపుతోంది.

కాబట్టి వరుస తప్పకండి. ముందు ఆ యంత్రంలో డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ సెట్టింగులు తెరిచి అకౌంటును డిస్‌కనెక్ట్ చేయాలి. యంత్రం చేతికి దొరకకపోతే పరికరాల జాబితాలో నుంచి సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ కూడా మార్చాలి. ఆ తరువాతే రీస్టోర్. డిస్‌కనెక్ట్ చేసినా పాత కాపీలు ఆ డిస్కులోనే మిగిలి ఉంటాయి గనుక, అమ్మేసే కంప్యూటర్ అయితే డిస్‌కనెక్ట్ అయ్యాక వాటిని తుడిచివేయడం మరవకండి.

మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్‌లో ఇదే చిక్కు ఇంకో వేషంలో వస్తుంది. విండోస్‌లో ఫోల్డర్ల బ్యాకప్ ఆన్ అయి ఉంటే మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లే క్లౌడ్ ఫోల్డర్లు అవుతాయి. అక్కడ తీసినది అంతటా పోతుంది. స్థలం కావాలంటే డిలీట్ కాకుండా, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి "ఫ్రీ అప్ స్పేస్" వాడండి, అది కంప్యూటరులోని కాపీని మాత్రమే తీస్తుంది. సొంత అకౌంటు రీసైకిల్ బిన్‌లో 30 రోజులు, ఆఫీసు అకౌంటులో 93 రోజులు ఫైళ్లు ఉంటాయి.

మళ్లీ జరగకుండా: డిలీట్ హక్కు ఎవరికి?

షేర్ సెట్టింగులలో "ఎడిటర్లు పర్మిషన్లు మార్చవచ్చు" అన్న టిక్కు తీసేస్తే ఎవరూ ఏమీ తీయలేరని చాలామంది నమ్మకం. ఆ టిక్కుకూ డిలీట్‌కూ సంబంధం లేదు. మామూలు జీమెయిల్‌లో చేయగలిగినది, నిజంగా మార్పులు చేసే ఇద్దరు ముగ్గురికి తప్ప అందరికీ వ్యూయర్ (చూడడం మాత్రమే) హక్కు ఇవ్వడమే. వర్క్‌స్పేస్‌లో షేర్డ్ డ్రైవ్ (ఆఫీసు పేరిట ఉండే ఉమ్మడి డ్రైవ్) వాడితే ఫైళ్లు ఏ ఒక్క ఉద్యోగి సొత్తూ కావు, హక్కులూ తేటగా ఉంటాయి: కంట్రిబ్యూటర్ ఫైలు చేర్చగలడు, మార్చగలడు, తీయలేడు, కంటెంట్ మేనేజర్ ట్రాష్‌కు పంపగలడు, శాశ్వతంగా చెరిపే హక్కు మేనేజర్‌కే ఉంటుంది. అయితే కొత్త మనిషిని చేర్చేటప్పుడు ముందుగా ఎంపికై కనబడేది కంటెంట్ మేనేజర్, అంటే తీయగలిగిన హక్కు. దానిని చేత్తో కంట్రిబ్యూటర్‌గా మార్చాలి. కంట్రిబ్యూటర్లు డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్‌లో ఫైళ్లను చూడగలరే గాని మార్చలేరు, వారు బ్రౌజరులోనే పని చేయాలని ముందే చెప్పండి; లేకపోతే "సేవ్ కావడం లేదు" అంటూ మర్నాడే ఫోను వస్తుంది.

రెండేళ్లుగా తెరవని అకౌంటును గూగుల్ తొలగించడం, వైరస్ అన్నీ తుడిచివేయడం వంటివి లేకపోలేదు గాని, మీ కేసు బహుశా అది కాదు. ముందు యంత్రాలు లెక్కపెట్టండి.

జీఎస్టీ లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ట్రాష్ ఉంచేది 30 రోజులు. మార్చిలో పోయిన ఫోల్డరు సంగతి ఆడిటర్ జూలైలో అడిగేదాకా ఎవరికీ తెలియకపోతే, పైన రాసినదేదీ పనికిరాదు. అందుకని ఏజెంటు గారి ఆఫీసులో ఇప్పుడు నెలకొకసారి మొత్తం డ్రైవ్‌ను ఒక బయటి హార్డ్ డిస్కులోకి, ఆ నెల పేరుతో కొత్త ఫోల్డరులో దించుతున్నాము. పని కాగానే కేబుల్ తీసి డిస్కును బీరువాలో పెడతారు, తాళం ఆయన దగ్గరే ఉంటుంది.