ఆన్‌లైన్ పరీక్షకు ముందు: విండోస్ రీస్టార్ట్ అడ్డుపడకుండా జాగ్రత్తలు

ఇవన్నీ ముందురోజు రాత్రే చూసుకోండి, పొద్దున హడావిడిలో వద్దు.

– ముందు తెరిచి ఉన్న ఫైళ్లు సేవ్ చేయండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, రీస్టార్ట్ పెండింగ్‌లో ఉంటే అప్పుడే కానిచ్చేయండి. ఛార్జర్ పెట్టే ఉంచండి. తెర మీద శాతం అంకె ఎంతసేపు కదలకపోయినా కంగారుపడి పవర్ బటన్ నొక్కొద్దు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

– అది పూర్తయ్యాక అప్‌డేట్లను పాజ్ చేయండి. వారం చాలు. ఎక్కువ రోజులు ఆపితే భద్రతా ప్యాచ్‌లు కూడా ఆగిపోతాయి.

– యాక్టివ్ అవర్స్‌లో, అంటే అప్‌డేట్ కోసం విండోస్ తనంతట తాను రీస్టార్ట్ కాకుండా మనం పెట్టుకునే వేళల్లో, పరీక్ష వేళ పడాలి. గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు.

– పరీక్ష మధ్యలో రీస్టార్ట్ బాక్స్ వస్తే చూడకుండా ఎంటర్ కొట్టకండి.

పరీక్ష ముగిసిన సాయంత్రమే పాజ్ తీసేయండి.