కేజీఎఫ్ వెళ్తే ఎక్కడ తినాలి: పొద్దున ముళబాగల్, మధ్యాహ్నం రాబర్ట్‌సన్‌పేట, సాయంత్రం బంగారుపేట

'కేజీఎఫ్' సినిమా పుణ్యమా అని కోలార్ బంగారు గనుల (కేజీఎఫ్) వైపు కార్లేసుకుని వెళ్ళేవాళ్ళు బాగా పెరిగారు. వెళ్ళొచ్చాక చాలామంది అనే మాట మాత్రం ఒకటే: "చూడ్డానికి బానే ఉంది గానీ తినడానికేం దొరకలేదు." దొరక్కేం, వెతికిన చోటు తప్పు, వెళ్ళిన టైం తప్పు. మొదటిసారి నేనూ అదే పని చేశాను. ఆదివారం ఇంటిల్లిపాదీ బయల్దేరి, దిబ్బలూ పాత బంగళాలూ తిరిగి, ఫొటోలు దిగి, రెండున్నరకి తీరిగ్గా ఒక హోటల్లోకి వెళ్తే అప్పటికే బల్లలు తుడిచేస్తున్నారు. "మీల్స్ అయిపోయింది సార్, పెరుగన్నం ఉంది" అన్నాడు. అదీ చల్లారిపోయిన పెరుగన్నం, పక్కన కాస్త నిమ్మకాయ ఊరగాయ. పిల్లలు బిస్కెట్లతో సరిపెట్టుకున్నారు, మా ఆవిడ తిరుగు ప్రయాణంలో పలమనేరు దాకా నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత నాలుగైదుసార్లు వెళ్ళాక అర్థమైంది ఏంటంటే, అక్కడ ఒక హోటల్ పేరు పట్టుకుని వెళ్ళకూడదు, పూటని బట్టి ఊరు మారాలి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఛాంపియన్ రీఫ్, మారికుప్పం వైపు ఇప్పుడు తుప్పుపట్టిన షాఫ్టు టవర్లు, వరసగా కార్మికుల లైన్ ఇళ్ళు, గుడులు, చర్చిలు. టీ అంగడి దొరుకుతుంది, బజ్జీలు దొరుకుతాయి. కుటుంబంతో కూర్చుని కడుపునిండా తినే జాగా కోసం అక్కడ తిరగడం పెట్రోలు దండగ.

మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి, అంటే చిత్తూరు, పలమనేరు, నంగలి దారిలో వచ్చేవాళ్ళకి, టిఫిన్ ముళబాగల్‌లోనే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ముళబాగల్ దోశకి కర్ణాటకంతా పేరుంది, బెంగళూరులో ఆ పేరు బోర్డు మీద రాసుకుని అమ్ముతుంటారు. పైన కరకరలాడుతూ, లోపల స్పాంజిలా మెత్తగా, నెయ్యి దండిగా, మధ్యలో బంగాళాదుంప కూర. మన హోటళ్ళలో పేపర్‌లా పరిచే దోశ కాదు, మందంగా ఉంటుంది, అందుకే ఒకటి తిన్నాక రెండోది చెప్పేముందు ఆగండి, రెండోది సగంలో వదిలేసినవాళ్ళని చూశాను. ఏ హోటల్ అనడిగితే నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: పెనం వాకిట్లో కనబడాలి, ఎనిమిది గంటలకి దాని ముందు నలుగురు నిలబడి ఉండాలి. ఊరు చిన్నదే, వెతకడం కష్టమేం కాదు. భాష గురించి టెన్షన్ అక్కర్లేదు, కోలార్ జిల్లాలో, ముఖ్యంగా ముళబాగల్, శ్రీనివాసపురం వైపు ఇళ్ళలో మాట్లాడేదే తెలుగు చాలామంది. మీరు కన్నడంలో తడుముకుంటుంటే "ఏం కావాలన్నా" అని వాళ్ళే అందుకుంటారు.

అక్కణ్ణుంచి బేతమంగళ మీదుగా కేజీఎఫ్ వెళ్ళొచ్చు. బేతమంగళ చెరువు దగ్గర ఒక్క నిమిషం ఆగండి, గనుల ఊరికి తాగునీళ్ళు వెళ్ళింది పాలారు నది మీదున్న ఈ చెరువు నుంచే.

ఇక మధ్యాహ్నం భోజనం. కేజీఎఫ్ ఊళ్ళోనే ఉన్న రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో, పన్నెండున్నర నుంచి ఒకటిన్నర లోపల. ఆ టైం దాటితే నా పెరుగన్నం కథ మళ్ళీ మొదలు. ఇక్కడి తిండి అర్థం కావాలంటే ఇక్కడికి ఎవరొచ్చారో తెలియాలి. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనుల్లో దిగాక పనికోసం ఉత్తర ఆర్కాడు, సేలం, ధర్మపురి వైపు నుంచి తమిళులు వేలల్లో వచ్చారు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు వచ్చారు, పైన ఇంజనీర్లుగా ఇంగ్లీషువాళ్ళు, మధ్యలో ఆంగ్లో ఇండియన్లు. నేల మాత్రం కన్నడ రాజ్యానిది. అందుకే ఒకే వీధిలో పొంగల్ వడ, ఆంబూరు తరహా బిర్యానీ, రాగి ముద్ద మూడూ కనిపిస్తాయి. ఇదేదో ఫుడ్ ఫెస్టివల్ అనుకోకండి, మామూలు రోజువారీ తిండే.

నా ఓటు ముద్దకి. బోర్డు మీద 'మిలిటరీ హోటల్' అని ఉంటే మాంసాహారం అని అర్థం, సైన్యంతో మీకు సంబంధం ఉండక్కర్లేదు. ముద్ద అంటే మన రాగి సంగటే, కానీ మన సీమలో వేసినట్టు నూకలు కనబడవు, నున్నగా బంతిలా తెచ్చి పళ్ళెంలో పెడతారు. నాటుకోడి పులుసో, తలకాయ మాంసమో అడగండి. కూరగాయలు తినేవాళ్ళు బస్సారు ఉందా అని అడగండి, ఆకుకూరా పప్పూ ఉడికించి ఆ కట్టుతో పెట్టే చారు అది, ముద్దకి దానికంటే మంచి జోడీ లేదని నా అభిప్రాయం. తినే పద్ధతి కూడా చూసుకోండి: వేలితో చిన్న ముక్క తుంచి, పులుసులో దొర్లించి, నమలకుండా మింగేయాలి. నమిలితే పళ్ళకి అతుక్కుంటుంది, పక్క బల్ల మీద పెద్దాయన మిమ్మల్ని చూసి నవ్వుతాడు. నన్ను చూసి నవ్వాడు కాబట్టి చెబుతున్నా.

బిర్యానీ తినాలనుకునేవాళ్ళు హైదరాబాద్ ఊహలు ఇంట్లో వదిలేసి రండి. ఇక్కడిది ఆంబూరు, వాణియంబాడి దారి: చిన్న గింజ బియ్యం, మసాలా తక్కువ, ముక్క మెత్తగా, పక్కన పుల్లటి వంకాయ కూర, ఉల్లి పెరుగుపచ్చడి. ముక్కలొద్దు, ఆ అన్నం చాలు అనుకుంటే 'కుస్కా' అని అడగండి, చవకగా అయిపోతుంది. ఒక జాగ్రత్త, ఏ మాంసమో ముందే అడిగి తీసుకోండి, అన్ని బండ్ల మీదా ఒకటే ఉండదు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

శాకాహారం మాత్రమే తినేవాళ్ళకి ఇడ్లీ, పొంగల్, అన్నం సాంబారు మీల్స్ ఎటూ ఉన్నాయి, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బానే ఉంటాయి.

బేకరీల గురించి మాత్రం చెప్పాలి. కర్ణాటక బేకరీ అలవాటు ఇక్కడా ఉంది: ఖారా బన్ను, లోపల కొబ్బరి కూరిన దిల్‌పసంద్, హనీ కేక్. పొట్లం కట్టించుకుని కార్లో పెట్టుకోండి, సాయంత్రానికి పనికొస్తుంది. క్రిస్మస్ ముందు వెళ్తే ఇంకో లాభం ఉంది. ఇక్కడ క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ కొన్ని ఉన్నాయి కాబట్టి ఆ రోజుల్లో రోజ్ కుకీస్, కల్‌కల్స్ చేస్తారు. పేర్లు విని కంగారుపడకండి, మొదటిది మన గులాబీ పువ్వులు, రెండోది దాదాపు మన గవ్వలు. బాల్ కర్రీ (కైమా ఉండల కూర), పసుపు కొబ్బరన్నం లాంటి అసలు ఆంగ్లో ఇండియన్ వంట ఇళ్ళలో వండుకునేది, హోటల్లో దొరుకుతుందని ఆశపడి తిరక్కండి. అక్కడ మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉండి భోజనానికి పిలిస్తే మిగతా ప్లానంతా పక్కనపెట్టి వెళ్ళిపోండి.

కాలం కూడా చూసుకుంటే మంచిది. డిసెంబరు, జనవరిలో అనపకాయల కాలం. పితికిన పప్పు అంటే మా చిత్తూరు వాళ్ళకి ప్రాణం, అక్కడ దాన్నే హితుకిద బేళె అంటారు, ముద్దతో ఆ పులుసు పడిందంటే బిర్యానీ గుర్తుకు రాదు. మే, జూన్‌లో వెళ్తే శ్రీనివాసపురం మామిడి దారి పొడుగునా కుప్పలు పోసి ఉంటుంది.

చెయ్యకూడనిది ఒకటి. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్ళి సైనైడ్ దిబ్బల మీద దుప్పటి పరిచి తినేవాళ్ళని కళ్ళారా చూశాను. అవి ఇసుక గుట్టలు కావు నాయనా, రాయిని పిండి చేసి సైనైడ్‌తో బంగారం లాగేశాక మిగిలిన పిండి. గాలి లేస్తే సన్నగా పొడి రేగుతుంది, విప్పిన డబ్బాలో పడుతుంది, పిల్లల చేతులకి అంటుకుంటుంది. దూరం నుంచి చూడండి, తిండి ఊళ్ళోకొచ్చి చేతులు కడుక్కుని తినండి.

సాయంత్రం నాలుగున్నరకల్లా బంగారుపేట చేరుకోండి. మారికుప్పం నుంచి ఛాంపియన్, ఊర్గాం, కోరమాండల్ మీదుగా బంగారుపేటకి గనుల కోసం వేసిన రైలు దారి ఇప్పటికీ నడుస్తోంది. గనులు మూతపడ్డాక ఆ ఊళ్ళ జనం పనికి బెంగళూరు వెళ్ళొచ్చేది ఈ రైళ్ళలోనే. వీలైతే కారు వదిలి ఆ కాస్త దూరం రైల్లో రండి, ఊరు ఎలా బతుకుతోందో కిటికీలోంచి కనిపిస్తుంది.

బంగారుపేట అంటే పానీపూరి. ఇక్కడి పానీ పచ్చగా ఉండదు, నల్లగా ఉండదు, గ్లాసులో పోస్తే మంచినీళ్ళలా తెల్లగా ఉంటుంది. మొదటిసారి నేను "పానీ ఏదన్నా?" అని అడిగితే, బండతను గ్లాసు నా ముందుకు జరిపి ఊరుకున్నాడు. నీళ్ళే అనుకుని ఒక్క గుక్క వేశాను. చెవుల్లోంచి పొగ. రంగు లేకుండా అంత కారం, అంత వాసన ఎలా పట్టించారో ఇంటికొచ్చి మా ఆవిడ మూడుసార్లు ప్రయత్నించినా రాలేదు. అందుకే పిల్లలకి పానీ తక్కువ పొయ్యమని ముందే చెప్పండి. రద్దీ బాగా ఉన్న బండి దగ్గరే తినండి, పూరీ అప్పుడే మెత్తబడకుండా ఉంటుంది, పానీ కూడా నిలవుండదు.

రైల్లో కుప్పం వైపు వెళ్ళేవాళ్ళు మాత్రం తిరుగు బండి టైం చూసుకున్నాకే రెండో ప్లేటు చెప్పండి, స్టేషన్ దగ్గరే కదా అని నిలబడి నేనొకసారి బండి వదిలేసుకున్నాను.