ఎంజీబీ ముందు చక్రాల అలైన్‌మెంట్: ఇంటి దగ్గరే కొలిచి సరిచేసుకునే పద్ధతి

ఇంగ్లండ్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ కారును హైదరాబాద్‌లోని ఏ అలైన్‌మెంట్ షాపుకు తీసుకెళ్లినా, తెర మీద క్యాస్టర్, క్యాంబర్, టో అనే మూడు కొలతలు కనిపిస్తాయి. పక్క నుంచి చూస్తే, స్టీరింగ్‌తో చక్రం తిరిగే నిలువు ఇరుసు వెనక్కి వాలిన కోణం క్యాస్టర్. ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం క్యాంబర్. పై నుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు వెనుక అంచుల కంటే దగ్గరగానో దూరంగానో ఉండడం టో. కంపెనీ నుంచి వచ్చిన రూపంలోనే ఉన్న బండిలో వాటిలో మనం స్పానర్‌తో మార్చగలిగేది టో ఒక్కటే. మిగిలిన రెండింటికీ సర్దుబాటు ఏర్పాటే లేదు కాబట్టి, ఆ అంకెలు తప్పాయంటే ఎక్కడో ఏదో వంగిందనో, అరిగిందనో, స్ప్రింగు కుంగిందనో గ్రహించాలి.

అందువల్ల కొలత కంటే ముందు చేయవలసింది పరీక్ష. ముందు భాగాన్ని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదలిక కనిపిస్తే మరొకరి చేత బ్రేకు తొక్కించి మళ్లీ ఊపాలి. అప్పుడు కదలిక ఆగిపోతే లోపం వీల్ బేరింగులో ఉంది, ఆగకపోతే కింగ్‌పిన్‌లోనో (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే నిలువు కడ్డీ), బుష్‌లలోనో (కీళ్ల దగ్గర ఉండే తొడుగులు) ఉంది. బేరింగుకు ఉండవలసిన ఖాళీ 0.05 నుంచి 0.10 మి.మీ. మాత్రమే. కింగ్‌పిన్‌కు గ్రీజు పెట్టడం మరిచిపోయిన బండ్లలో అది ఎంత అరిగి ఉంటుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌ల రబ్బర్ బుష్‌లనూ, ట్రాక్ రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) చివర బాల్ జాయింట్లనూ చూడాలి. వర్షాకాలం తర్వాత మన రోడ్ల గుంతల్లో తిరిగిన బండి అయితే ఆర్మ్‌లు వంగాయేమో కూడా గమనించాలి. లూజు ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ.

నేల మట్టంగా ఉండాలి. మన ఇళ్ల ముందు వేసే షాబాదు బండలు చూపుకు సమంగానే ఉన్నా, నీళ్లు పోవడానికి వాలు ఇచ్చి ఉంటారు. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో నాలుగు చక్రాల చోట్లా మట్టం చూసి, తక్కువైన చోట పలకలు పెట్టుకోవాలి. గాలి సరిగా పట్టించి, బండిని ముందు వైపు రెండుమూడు సార్లు కిందికి నొక్కి వదిలి, కొద్ది దూరం ముందుకు నెట్టి నిలపాలి. డ్రైవరు బరువుకు బదులు సీట్లో బియ్యం బస్తా పెట్టేవారూ ఉన్నారు. ఈ కారుకు ఇచ్చిన అంకెలు ఖాళీ బండికి సంబంధించినవి కాబట్టి నేను పెట్టను.

క్యాంబర్ చూడడానికి గోడ నిలువు చూసే గుండును చక్రం పక్కన వేలాడదీసి, రిమ్ పై అంచుకూ దారానికీ, కింది అంచుకూ దారానికీ మధ్య దూరాలు కొలవాలి. రెండు అంచుల మధ్య 380 మి.మీ. ఉంటే, 1 డిగ్రీకి తేడా సుమారు 6.6 మి.మీ. వస్తుంది. ఎంజీబీకి ఉండవలసింది దాదాపు 1 డిగ్రీ పాజిటివ్, అంటే చక్రం పై భాగం కొద్దిగా బయటికి వాలి ఉండాలి. లోపలికి వాలితే మొదట స్ప్రింగులను అనుమానించాలి. ఇంగ్లండ్‌లోనే తయారైన మరో కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ యజమానులు ఈ విషయంలో అదృష్టవంతులు. కింది విష్‌బోన్ (చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్) బ్రాకెట్ల వెనుక షిమ్ములు (సన్నని రేకులు) తీసి, వేసి క్యాంబర్ మార్చుకోవచ్చు. ఎంజీబీ క్యాస్టర్ దాదాపు 7 డిగ్రీలు. స్టీరింగ్ బరువు తగ్గించడానికి క్రాస్‌మెంబర్ (ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం) దగ్గర వెడ్జ్‌లు (ఏటవాలు పలకలు) వేసి దీన్ని తగ్గించేవారు ఉన్నారు గాని, అది వేరే పని.

ఇక టో. ఒకే పొడవున్న రెండు పీవీసీ పైపులు తీసుకుని, రెండింటికీ ఒకే దూరంలో గాట్లు పెట్టి, ఒకటి బండి ముందు, ఒకటి వెనుక, హబ్ (చక్రం నడిమి భాగం) ఎత్తులో నిలిపి, గాట్ల మధ్య నైలాన్ దారాలు బిగిస్తే రెండు పక్కలా సమాంతర రేఖలు ఏర్పడతాయి. ముందు రెండు హబ్‌ల నుంచి దారానికి దూరం ఇరువైపులా సమానంగా ఉండేలా, వెనుక కూడా అలాగే ఉండేలా పైపులను జరపాలి. ముందు, వెనుక చక్రాల మధ్య వెడల్పు కొద్దిగా వేరు కాబట్టి ముందు దూరాన్ని వెనుక దూరంతో పోల్చకూడదు. స్టీరింగ్‌ను నేరుగా కట్టి, రిమ్ ముందు అంచు నుంచీ వెనుక అంచు నుంచీ దారానికి కొలవాలి. ముందు అంచు దారానికి ఎక్కువ దూరంలో ఉంటే అది టో-ఇన్. రెండు పక్కల తేడాలు కలిపితే 1/16 నుంచి 3/32 అంగుళం, అంటే సుమారు 1.6 నుంచి 2.4 మి.మీ. రావాలి. రిమ్ వంకర ఉండవచ్చు కాబట్టి చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ కొలిచి సగటు తీసుకోవాలి.

సర్దేటప్పుడు ట్రాక్ రాడ్ లాక్ నట్లూ, ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగే పళ్ల కడ్డీ) రబ్బరు తొడుగు క్లిప్పులూ వదులు చేయాలి. లేకపోతే తొడుగు మెలితిరిగి చిరుగుతుంది. ఈ కారులో ర్యాక్ ఇరుసుకు ముందు ఉంటుంది కాబట్టి ట్రాక్ రాడ్ పొడవు తగ్గిస్తే టో-ఇన్ పెరుగుతుంది. పావు చుట్టు చొప్పున, రెండు పక్కలా సమానంగా తిప్పాలి. తొలిసారి నేను ఒక పక్కనే తిప్పి, కొలత సరిపోయిందని సంతోషించి, దారిలో స్టీరింగ్ పక్కకు తిరిగి ఉండడం చూసి మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. లాక్ నట్లు బిగించాక కొలత మారుతుంది, కనుక బిగించిన తర్వాత ఇంకొకసారి కొలవాలి.

తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూడవచ్చు. రోడ్డు ఎడమకు వాలి ఉన్న చోట బండి కొద్దిగా ఎడమకు లాగడం సహజమే. మట్టంగా ఉన్న చోట కూడా లాగితే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడాలి. లాగే దిక్కు మారితే తప్పు టైరుదే.