పిల్లల ఆస్తమాలో శ్వాసనాళాల వాపు ఏ రకమో తెలుసుకోవడం ఎలా?

ఆస్తమా ఉన్న పిల్లలందరి శ్వాసనాళాల్లోనూ వాపు ఒకే తీరున ఉండదు. కఫంలో ఏ తెల్ల రక్తకణాలు ఎక్కువగా ఉన్నాయన్న దాన్నిబట్టి వైద్యులు దానిని ఇయోసినోఫిలిక్ (ఇయోసినోఫిల్స్ అనే కణాలు ఎక్కువైనది), న్యూట్రోఫిలిక్ (న్యూట్రోఫిల్స్ అనే కణాలు ఎక్కువైనది), రెండూ కలిసిన మిశ్రమ రకం, ఏ కణాలూ పెద్దగా పెరగని రకం అని నాలుగుగా విభజిస్తారు. పీల్చే స్టెరాయిడ్లకు బాగా లొంగేది మొదటి రకం.

ఉప్పునీటి తుంపర పీల్పించి కఫం తీయడం చిన్నపిల్లలతో తేలిగ్గా అయ్యే పని కాదు కనుక, ముందుగా ఊదే పరీక్ష గురించి అడగండి. బిడ్డ యంత్రపు గొట్టంలోకి ఒకే వేగంతో నిలకడగా ఊదినప్పుడు, ఆ గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు 35 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 35 భాగాలు) దాటితే ఇయోసినోఫిలిక్ వాపు ఉండే అవకాశం ఎక్కువ, 20 లోపు ఉంటే తక్కువ. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతుంటే ఈ అంకె తగ్గుతుంది కాబట్టి, ఎన్ని పూటలు మానేశారో దాచకుండా చెప్పాలి.

రక్తంలో ఇయోసినోఫిల్స్ పెరిగినంత మాత్రాన నేరం ఆస్తమాదే అనుకోనక్కరలేదు. పేగుల్లో ఏలికపాములో కొంకిపురుగులో ఉన్నా అవి పెరుగుతాయి. జలుబు చేసినప్పుడు న్యూట్రోఫిల్స్ పెరగవచ్చు గనుక, అత్యవసరం కాకపోతే అది తగ్గాకే పరీక్ష చేయించడం మేలు.

మందు పనిచేయడం లేదు, ఇది వేరే రకమేమో అనుకునే ముందు, బిడ్డ ఇన్‌హేలర్ పీల్చే తీరును వైద్యుడి ఎదుటే చూపించండి. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) మాస్కు చెంపకు ఆనకుండా వేలెడు సందు మిగిలితే చాలు, మందులో చాలా భాగం బయటికే పోతుంది.