తుఫానుల కాలం రాకముందే ఇంటి కప్పు చూసుకోండి

మన కోస్తాను కుదిపేసిన పెద్ద తుఫానుల తేదీలు చూడండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమ తుఫాను 1996 నవంబరు 6న, విశాఖ మీదికి హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, శ్రీకాకుళం మీదికి తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. అందుకే వినాయక చవితి వెళ్లగానే కప్పు పని మొదలుపెట్టమని అందరికీ చెబుతుంటాను. హెచ్చరిక వచ్చాక మేస్త్రీ దొరకడు. దొరికినా తడి కప్పు మీదికి మనిషిని ఎక్కించడం తప్పు.

పెనుగాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కప్పును పైకి లేపి పీకేస్తుంది. పైనుంచి దూసుకుపోయే గాలి కప్పును లాగుతుంటే, తెరుచుకున్న కిటికీలోంచి దూరిన గాలి లోపలి నుంచి తోస్తుంది. గాలి వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బలం పడుతుంది. రేకుల మీద నాలుగు ఇటుకలు పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. మూడు కిలోల ఇటుక ఏం ఆపుతుంది? జారి ఎవరి నెత్తిన పడుతుందోనన్న టెన్షన్ మాత్రం మిగులుతుంది. దయచేసి వాటిని దించేయండి. బరువు పెట్టడం కంటే కప్పును గోడకు గట్టిగా బిగించడం ముఖ్యం.

రేకుల ఇల్లయితే, రేకులను కింది పైపులకు పట్టి ఉంచే కొక్కెం లాంటి జే బోల్టులు ఒక్కొక్కటీ కదిపి చూడాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టి, పైన తల బాగానే ఉన్నా లోపల సన్నబడి ఉంటాయి. అనుమానం ఉన్నది మార్చేయండి, పాతబడిన వాషర్లు కూడా. చూరు అంచుల్లో, మూలల్లో, కొప్పు (కప్పు నడినెత్తి) దగ్గర గాలి లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. రేకులు పైపులకు ఎంత బిగించినా ఆ పైపులు గోడ మీద ఊరికే ఆనించి, చుట్టూ కాస్త సిమెంటు పూసి ఉంటే ఫలితం లేదు. రేకులూ పైపులూ కలిసే లేచిపోతాయి. గోడలోని బెల్టుకు, అంటే గోడ మీద పోసిన కాంక్రీటు పట్టీకి, ఇనుప చువ్వతో పట్టు వేయించండి. ఈ ఒక్క పనికి డబ్బు వెనకాడవద్దు. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టకండి, పైపుల మీద పలక వేసుకుని నడవాలి. పాత వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకినా కోసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

పెంకుటింట్లో శత్రువు చెమ్మ. పాచి పట్టిన పెంకు నీటిని పట్టి ఉంచుతుంది, ఆ తడి వాసాలకు దిగుతుంది. వాసం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే పుచ్చినట్టే. చెదలు కూడా అక్కడే మొదలవుతాయి. బంగాళా పెంకులకు చాలావాటికి అడుగున చిన్న కన్నం ఉంటుంది. అది ఎందుకని ఎవరూ అడగరు. జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప) తీగతో రీపరుకు, అంటే పెంకు ఆనే సన్న చెక్కకు, కట్టడానికే. కనీసం చూరు వరసలకైనా కట్టించండి. కొప్పు పెంకుల కింద సున్నమో సిమెంటో ఊడి ఉంటే మళ్లీ పెట్టించాలి.

పాత వంటింటి పొగగొట్టం సంగతి మరిచిపోతుంటారు. కప్పు మీద అంత ఎత్తున నిలబడేది అదొక్కటే, గాలి దాన్నే ముందు పట్టుకుంటుంది. మూడు వైపులా తీగలతో లాగి కట్టండి. గొట్టం కప్పులోంచి బయటికి వచ్చే చోట బీట ఉంటే పూడ్చండి, వాన నీరు అక్కడినుంచే పొయ్యిలోకి కారుతుంది. తుఫాను గాలికి పొగ వెనక్కి తన్నుతుంది. తలుపులు మూసుకుని కట్టెల పొయ్యి గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగిస్తే దాంట్లోంచి వచ్చే విషవాయువుకు ప్రాణం పోవచ్చు.

డాబా ఇంటివాళ్లు తూములు చూసుకుంటే సగం పని అయినట్టే. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క అంగుళం నీళ్లు నిలిస్తే రెండు టన్నుల పైమాటే. ఆకులు తీసి, బకెట్టుతో నీళ్లు పోసి పారుతున్నాయో లేదో చూడండి. ప్లాస్టిక్ ట్యాంకును నింపి ఉంచండి, ఖాళీగా ఉంటే ఎగిరిపోతుంది.

కప్పు ఎక్కేటప్పుడు ఒంటరిగా వద్దు. నడుముకు తాడు, కింద నిచ్చెన పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి. సర్వీసు వైరు ఉన్న వైపు ఇనుప నిచ్చెన వేయకండి. ఇంటి మీదికి వాలిన ఎండు కొబ్బరి మట్టలు, కాయలు ముందే దింపించండి.

తాటాకు ఇళ్లవాళ్లకు నా మనవి: పాత వల కప్పి నాలుగు వైపులా మేకులకు కట్టడం మామూలు గాలికి పనికొస్తుంది. పెద్ద తుఫాను అన్నారంటే వలను నమ్ముకోవద్దు, పిల్లల్నీ పెద్దవాళ్లనూ తీసుకుని షెల్టరుకు వెళ్లిపోండి.

తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మీ ఊరి మీదుగా వెళితే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని ఎగిరిన పెంకులు సర్దడానికి బయటికి రాకండి. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంత గాలీ వస్తుంది. గాలి పూర్తిగా తగ్గి, తెల్లవారి, తెగిన కరెంటు తీగలు ఎక్కడా కప్పుకు తగిలి లేవని చూసుకున్నాకే నిచ్చెన వేయండి.