కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు వచ్చే మెసేజ్‌లు: ఏది దేనికి?

మెసేజ్ రాగానే విండోస్ మళ్లీ వేయించకండి. అది విండోస్ లోగోకి ముందు వచ్చిందా, తర్వాతా అన్నది చూడండి. ముందే, నల్ల స్క్రీన్ మీద తెల్లక్షరాలతో వస్తే అది చాలావరకు మదర్‌బోర్డు మాట. విండోస్ ఎన్నిసార్లు వేసినా పోదు. చదివేలోపే మాయమయ్యేవి ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’, ‘డేట్ అండ్ టైమ్ నాట్ సెట్’ అంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే ఇస్తారు. కొత్తది మీటర్‌లో 3 వోల్టుల పైన చూపిస్తుంది, 2.7కి దిగితే మార్చేయండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకుని, ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. తర్వాత ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెర) తేదీ, టైమ్ సరిచేయండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. బ్యాటరీ అయిపోతే మిగతా సెట్టింగులూ మారిపోవచ్చు కాబట్టి సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) కూడా చూడాలి: ముందు ఏహెచ్‌సీఐలో ఉన్నది ఐడీఈకో రెయిడ్‌కో మారితే ‘ఇన్యాక్సెసబుల్ బూట్ డివైస్’ అని నీలం తెర వస్తుంది. డిస్క్ పోలేదు, మోడ్ వెనక్కి మార్చితే చాలు.

‘సీపీయూ ఫ్యాన్ ఎర్రర్’ వస్తే రోజూ ఎఫ్1 కొట్టి నెట్టుకురాకండి. చీమకుర్తి గ్రానైట్ యూనిట్ల ఆఫీసుల్లో రాతి పొడి హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య గడ్డకడుతుంది. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. హీట్‌సింక్ ఊడదీస్తే ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టండి.

‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ వస్తే ముందు పెన్‌డ్రైవ్ తీసేయండి. అప్పటికీ వస్తే బయోస్‌లో డిస్క్ పేరు వెతకండి. ఉంటే బూట్ ఆర్డర్ (ఏ డిస్క్ నుంచి ముందు మొదలవ్వాలన్న వరుస) చూడండి, లేకపోతే సాటా కేబుల్ (డిస్క్ నుంచి బోర్డుకి వెళ్లేది) రెండు చివరలా పీకి పెట్టండి. కొత్తపట్నం, రామాయపట్నం లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి కాంటాక్టులు మసకబారతాయి. బీప్‌లు కొట్టి తెర రాకపోతే ర్యామ్ (మెమరీ పట్టీ) తీసి దాని అంచున ఉండే కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. ‘స్మార్ట్ స్టేటస్ బ్యాడ్’ (డిస్క్ పాడవబోతోందన్న హెచ్చరిక) కనబడితే మాత్రం ఏ రిపేరూ వద్దు, ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి.

‘స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్’ కరెంటు పోయిన మర్నాడు వస్తే సహజమే. పెద్ద హార్డ్‌డిస్క్‌కి గంటలు పట్టొచ్చు, మధ్యలో ఆపకండి. కరెంటు పోకపోయినా రోజూ వస్తుంటే అనుమానించాల్సింది డిస్కునే.

ఆపేటప్పుడు ‘దిస్ యాప్ ఈజ్ ప్రివెంటింగ్’ అని వస్తే పైన ప్రోగ్రామ్ పేరుంటుంది. క్యాన్సిల్ కొట్టి సేవ్ చేయండి. ‘షట్‌డౌన్ ఎనీవే’ కొడితే సేవ్ చేయనిది పోతుంది. ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ కావడానికి విండోస్‌లో ఉండే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా మూతపడదు. డ్రైవర్ గొడవలకి రీస్టార్ట్ కొట్టి చూడాలి.

దానంతటదే ఆగిపోతుంటే ఈవెంట్ వ్యూయర్ (జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే చోటు) తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. ఈవెంట్ ఐడీ 1074 ఉంటే ఏ ప్రోగ్రామ్ ఆపించిందో అందులోనే రాసుంటుంది. 41, 6008 ఉంటే సరిగా ఆపకుండానే ఆగిపోయిందని. ఆ టైమ్‌కి కరెంటు పోయి ఉంటే యూపీఎస్ బ్యాటరీ చూపించండి. ఇళ్లలోని చిన్న వాటిలో ఎక్కువగా 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. కరెంటు ఉండగానే వస్తుంటే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) మార్చి చూడండి.