పాత భవనాన్ని పది మందికీ పనికొచ్చేలా బాగుచేయాలా? ముందు వానలో ఒకసారి వెళ్లి చూడండి

మూతపడ్డ మిల్లో, గోదామో, పాత బడి భవనమో చేతికి రాగానే అందరూ చేసే మొదటి పని ఆర్కిటెక్ట్ చేత రంగుల బొమ్మలు గీయించడం. కింద గ్యాలరీ, పక్కన కేఫ్, పైన డాన్స్ హాలు అని ముందే తేల్చేసుకుంటారు, ఇక ఆ బొమ్మకు సరిపడేలా గోడలు కొట్టడం మొదలవుతుంది, బడ్జెట్ చేయి దాటిపోతుంది, చివరికి ఏ పాతదనం చూసి ముచ్చటపడ్డారో అదే మిగలదు. బొమ్మలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. భవనం ఏం మోయగలదో, ఏ గది దేనికి పనికొస్తుందో ముందు తెలుసుకుని, దానికి తగ్గ పని దానికి అప్పగిస్తే సగం ఖర్చులు అసలు పుట్టవు.

మంచి వాన పడుతున్నప్పుడు వెళ్లండి. ఎండలో ఎంత తిరిగినా కనబడనివి అప్పుడు పావుగంటలో తెలిసిపోతాయి: నీళ్లు ఏ మూల నుంచి దిగుతున్నాయి, ఏ పైపు పూడుకుపోయింది, చూరు నీళ్లు గోడ మొదట్లోకి పోతున్నాయా, బయట నేల లోపలి గచ్చు కంటే ఎత్తుకు పెరిగిపోయిందా. పాత భవనాలను ఎక్కువగా తినేసేది నీరే. చెదలు, పుచ్చిన దూలాలు, ఊడిపోతున్న పూత, వీటిలో చాలావాటి మూలం ఎక్కడో ఒక కారుతున్న చోటే ఉంటుంది. కాబట్టి మొదటి డబ్బు కప్పుకీ, తూములకీ, గోడల చుట్టూ నీళ్లు నిలవకుండా చేయడానికీ పెట్టండి. ఫొటోలో చూపించుకోవడానికి ఏమీ ఉండదు, దాతలకు చెప్పుకున్నా పెద్దగా ఆనందించరు, అయినా ఇదే ముందు.

పగుళ్లు చూసి టెన్షన్ పడొద్దు, అలాగని పూడ్చేయొద్దు కూడా. పగులుకు అటూ ఇటూ పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, మధ్య దూరం కొలిచి, పక్కనే తేదీ రాయండి. అన్ని కాలాలూ తిరిగేలా ఒక ఏడాది గమనిస్తే అది ఎప్పుడో వచ్చి ఆగిపోయిందో, ఇంకా కదులుతోందో తెలుస్తుంది. రోజురోజుకీ పెరుగుతున్నా, గోడ బయటికి ఉబ్బినా ఆ ఏడాది కోసం ఆగకుండా గోడకు ఊతం పెట్టించి, పాత కట్టడాల మీద పనిచేసిన స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి. కొత్త అపార్ట్‌మెంట్లు మాత్రమే చూసినవాళ్లను పిలిస్తే "కూల్చేసి కట్టడం నయం" అనే మాట వినాల్సి రావచ్చు.

ఇక సిమెంటు సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతో చేసే పాడు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ వచ్చిందే 1824లో, అది అన్ని చోట్లకీ పాకడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది, కాబట్టి పాత ఇటుక, రాతి గోడలు చాలావరకు సున్నంతోనో మట్టితోనో కట్టినవే. అలాంటి గోడ కొంచెం చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే ఆ దారి మూసుకుపోయి చెమ్మ లోపలే ఉండిపోతుంది, దాంతోపాటు ఉప్పు కూడా, ఆ ఉప్పు స్ఫటికాలుగా గట్టిపడినప్పుడల్లా ఇటుకను లోపలి నుంచి పొడి చేస్తుంది. ఇటుకల మధ్య సందుల్లో సిమెంటు నింపితే ఇంకో చిక్కు: ఇటుక కంటే గట్టిదాన్ని మధ్యలో పెట్టారు కాబట్టి, గోడ కాస్త కదిలినా దెబ్బ తినేది ఇటుకే. సందులో ఉన్నది ఇటుక కంటే మెత్తగా ఉండాలి, అరిగితే అదే అరగాలి, దాన్ని మళ్లీ నింపుకోవచ్చు. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు, "వాటర్‌ప్రూఫ్" పూతలు కూడా సిమెంటు పూతలాగే చెమ్మను లోపలే ఉంచేస్తాయి. పాత సున్నం మచ్చు ల్యాబ్‌కు పంపించి ఏ పాళ్లలో కలిపారో తెలుసుకుని, దానికి దగ్గరగా కలపండి. పలచటి పూతలుగా వేసి, ఒక్కో పూతనీ తడిగోనెలతో కప్పి నిదానంగా ఆరనివ్వాలి. తొందరపడే మేస్త్రీతో ఇది కుదరదు, సున్నం పని తెలిసినవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్ల దగ్గర ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు నేర్పించండి. రేపు రిపేరుకు మనిషి దొరుకుతాడు.

అన్నట్టు, ఇటుకలను "శుభ్రం" చేయడానికి ఇసుకను ఒత్తిడితో కొట్టించొద్దు. కాలిన ఇటుకకు పైన ఉండే గట్టి పొర ఊడిపోతుంది, ఇక దాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

చెక్క విషయంలో కూడా అంతే. కిటికీ అడుగు పుచ్చితే కిటికీ మొత్తం మార్చేస్తారు, నిజానికి పుచ్చిన ముక్క వరకు కోసి అదే జాతి చెక్కతో అతుకు వేస్తే చాలు. ఉన్నది ఉంచుకోవడమే పర్యావరణానికి చేసే పెద్ద మేలు, ఎందుకంటే ఆ ఇటుకలు కాల్చడానికీ, ఆ ఇనుము కరిగించడానికీ పట్టిన శక్తి ఎప్పుడో ఖర్చయిపోయింది. కూల్చేసి కొత్తది కట్టి, పైన సోలార్ పలకలు పెట్టి పచ్చదనం అంటే ఒప్పుకోలేం.

ఇప్పుడు వాడకం. ఇళ్ల కోసం వేసే అంతస్తుకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్క వేస్తారు, జనం గుమిగూడి నాట్యం చేసే హాలుకైతే 500 దాకా. అందుకే డాన్స్, డప్పులు, పెద్ద సభలు కింది అంతస్తులో పెట్టి, పైన బొమ్మలు వేసుకునేవాళ్లకో చదువుకునేవాళ్లకో ఇస్తే దూలాల కింద ఇనుప స్తంభాలు దించాల్సిన పని చాలాచోట్ల తప్పుతుంది.

బ్రెజిల్‌లోని సావో పాలోలో ఇనుప డ్రమ్ములు (పీపాలు) తయారుచేసే పాత ఫ్యాక్టరీని లీనా బో బార్డీ అనే ఆర్కిటెక్ట్ సెస్క్ పొంపేయా అనే సాంస్కృతిక, క్రీడా కేంద్రంగా మార్చారు, 1982లో తెరిచారు. పనికి ముందు ఆమె ఒక శనివారం వెళ్లి చూస్తే అప్పటికే అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు, కుటుంబాలు వచ్చి కూర్చుంటున్నాయి. ఆ సందడి పోకూడదనుకున్నారు. పాత షెడ్లను అలాగే ఉంచి, ఆటల కోసం కావాల్సిన ఎత్తయిన కట్టడాలను పక్కన విడిగా కట్టారు. మీరూ ముందు ఆ ఆవరణను ఎవరు వాడుతున్నారో చూడండి. బాగయిన ఒక గదిని తెరిచి వారాంతాల్లో వాడనివ్వండి, జనానికి ఏం కావాలో సర్వేల కంటే అలాగే బాగా తెలుస్తుంది.

కొత్తగా పెట్టేది ఏదైనా రేపు తీసేయగలిగేలా పెట్టండి. గోడకు ఆనని విడి పార్టిషన్లు, గోడ చెక్కకుండా పైన నడిపే వైరింగ్ గొట్టాలు, శబ్దం ప్రతిధ్వనించకుండా మందపాటి తెరలు. టాయిలెట్లు పాత గోడల మధ్య ఇరికించడం కంటే బయట చిన్న గదిగా కట్టుకోవడం మేలు, లీకయినా భవనానికి ఏమీ కాదు. చక్రాల కుర్చీ కోసం ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలి, ఇది వెనక గుమ్మం దగ్గర కాకుండా ముందు గుమ్మానికే పెట్టగలరేమో చూడండి. పాత రంగుల్లో సీసం, పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పరీక్ష చేయించేవరకు గీకొద్దు, పగలగొట్టొద్దు. వారసత్వ కట్టడంగా నమోదైందేమో, అగ్నిమాపక అనుమతికి బయటికి వెళ్లే రెండో దారి కావాలేమో మొదట్లోనే కనుక్కోండి.

డబ్బు గురించి ఒక్కటే చెప్తాను. మరమ్మతుకు దాతలు దొరుకుతారు, ఏటా తూములు శుభ్రం చేయడానికి ఎవరూ ఇవ్వరు. అందుకే వచ్చే అద్దెలో కొంత భాగం ప్రతి నెలా నిర్వహణ ఖాతాలోకి వెళ్లాలని మొదటి ఒప్పందంలోనే రాసుకోండి. రెండు గదులు మార్కెట్ అద్దెకు ఇచ్చి, ఆ ఆదాయంతో కళాకారులకూ, మహిళా సంఘాలకూ తక్కువకు ఇవ్వొచ్చు, కానీ ఆ తక్కువ అద్దె ఎన్నేళ్ల వరకు పెరగదో కాగితం మీద ఉండాలి, లేకపోతే ఆ చోటికి పేరు రాగానే ముందు ఖాళీ చేయాల్సి వచ్చేది వాళ్లే.